అయిదో టిక్కు

"లాగు వదినా," అన్నాడు మరిది, కిటికీ దగ్గర వంగి. ఆమె హ్యాండ్ బ్రేకు లాగుతూ టిక్కులు లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, లివరు ఎముక లేని చెయ్యిలా పైకి వస్తోంది, నాలుగు, అయిదు, ఇక్కడ ఆగాలి, పోనీ ఆరు దగ్గర ఆగాలి, ఏడైనా పరవాలేదనేవాడు ఆయన, ఎనిమిది, తొమ్మిది, మోచెయ్యి వెనక్కి పోయి సీటుకు తగిలింది, పది, పదకొండు. "పదకొండు," అంది. ఇది బళ్ళో చెయ్యెత్తి హాజరు పలకడానికి పనికొస్తుంది గాని బండి ఆపడానికి కాదని మరిది నవ్వాడు. ఆ నవ్వు అచ్చం వాళ్ళన్నయ్యదే. ముఖం రాలేదు, ఎత్తు రాలేదు, నవ్వు మాత్రం వచ్చింది. పందొమ్మిదేళ్ళుగా ఆ నవ్వు వినిపించినప్పుడల్లా ఆమె తల ఒక్క క్షణం అటు తిరుగుతుంది, తిరిగినందుకు తన మీద తనకే ఒళ్ళు మండుతుంది.

షెడ్డులో ఇంకెవరూ లేరు. పనివాళ్ళు అన్నాలకు వెళ్ళారు, సీట్లో కూర్చుని లెక్క చెప్పడానికి మనిషి కావాలి, నీకంటే బాగా లెక్క తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరున్నారు వదినా, రా, కూర్చో అన్నాడు. కూర్చుంది. కూతురు ఆఫీసులో ముఖం చూపించి గంటలో వస్తానని వెళ్ళింది. బండి కూతురిదే. ఇద్దరి చేతులు మారి వచ్చింది, తలుపులు రెండు రకాల తెలుపు. బండి కొన్న రోజున ఇంటిముందు ఆపి, లివరు లాగి, దిగి, నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి చూసుకుని, మళ్ళీ వెళ్ళి, మళ్ళీ వచ్చి చూసుకుంది. పక్కింటావిడ ఏమిటమ్మా అంత అనుమానం అంటే, మా నాన్న ఒకసారి మరిచిపోయాడులెండి, మా ఇంట్లో ఆ ఒక్కసారి చాలు అంది. నవ్వుతూనే అంది. తండ్రి గురించి ఏం చెప్పినా ఆ పిల్ల అలాగే చెబుతుంది, కూర మాడిన సంగతి చెప్పినట్టు. ఆమె గుమ్మంలో నిలబడి విన్నది. ఆమె ఒళ్ళో ఇప్పుడు సంచి ఉంది, సంచిలో పుస్తకం ఉంది, మూడు నెలలుగా ఆ పుస్తకం సంచిలోనే తిరుగుతోంది, కూరగాయలకు పోయినా, మందుల దుకాణానికి పోయినా. ఇవాళ అడగాలి. కూతురు తిరిగొచ్చేలోపల అడగాలి, మరిది నోటితో చెప్పించాలి, ఆయన మరిచిపోలేదని ఆ పిల్ల చెవిన పడాలి. గంట అంది. గంటలో పది నిమిషాలు అప్పుడే అయిపోయాయి.

మరిది చెక్కదిమ్మెలు తెచ్చి ముందు చక్రాలకు అడ్డంగా, అటొకటి ఇటొకటి పెట్టి కాలితో తన్ని చూశాడు. వంగి చేత్తో కదిపి చూశాడు. లేచి రెండడుగులు వేసి వెనక్కి వచ్చి మళ్ళీ తన్నాడు. చూడు, మా పిల్ల లాగే, అనుకుంది ఆమె, ఇద్దరికీ ఒకటే జబ్బు, ఒకే రోజున పట్టుకుంది. జాకీ చప్పుడు మొదలైంది. కారు వెనక భాగం కొంచెం కొంచెంగా పైకి లేస్తుంటే ఆమె ముందుకు వాలి స్టీరింగు పట్టుకుంది. డ్రైవింగు రాదు, ఎప్పుడూ నేర్చుకోలేదు, కాని ఈ సీట్లో ఎన్ని వందల సార్లు కూర్చుందో. అన్నం గిన్నె తెచ్చిన ప్రతి మధ్యాహ్నం ఏదో ఒక బండి కిందనుంచి ఆయన గొంతు వచ్చేది, వచ్చావా లెక్కలమ్మా, ఎక్కు, తొక్కు, లాగు, ఎన్ని? ఆమెకు అప్పుడు అక్షరం ముక్క రాదు, వందదాకా లెక్క మాత్రం వచ్చు, అందుకని లెక్కలమ్మ అని పేరు పెట్టాడు, షెడ్డంతా అదే పేరుతో పిలిచేది. కింద పడుకుని ఆయన చెప్పేవాడు, వింటున్నావా లెక్కలమ్మా, లివరు పదకొండుకు పోతోందంటే జబ్బు లివరులో లేదు, వెనక చక్రాల్లో ఉంది, అక్కడ చక్రాన్ని పట్టి ఆపే షూలు అరిగాయి. మొదట చక్రం విప్పి షూ చూడాలి, దాని మీది లైనింగు పట్టీ ఉంటే దగ్గరికి జరపాలి, లేకపోతే మార్చాలి, అన్నీ అయ్యాక ఆఖర్న కేబుల్ నట్టు. బద్ధకస్తుడు ముందే నట్టు బిగిస్తాడు. కేబుల్ లాగి కట్టినట్టుంటుంది, లివరు అయిదుకే గట్టిగా ఆగుతుంది, బండివాడు సంతోషపడిపోతాడు. నడుముకు బెల్టు బిగిస్తే ఆకలి తీరుతుందటే? అనేవాడు. చేతికి గట్టిగా తగిలితే చక్రం ఆగినట్టు కాదే పిచ్చిదానా. ఆమెకు ఆ మాటలు కంఠతా వచ్చు. తక్కిన ఆడవాళ్ళ మొగుళ్ళు ఇంకేవో చెప్పి ఉంటారు, చీరలు, సినిమాలు, ఆమెకు మాత్రం బ్రేక్ షూలు.

మరిది బండి కింద దూరాడు. సరిగ్గా ఆమె సీటు కింద, ఇనప రేకుకు అవతల, పానా తగిలిన చప్పుడు ఆమె అరికాళ్ళకు వినిపించింది. లివరు దించు వదినా అన్నాడు, దించింది. కేబుల్ నట్టు వదులు చేస్తున్నాను, ముందు దీన్ని వదలాలి అన్నాడు, ఆమెకు తెలియనట్టు. అవును, ముందు దాన్ని వదలాలి. ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు, హ్యాండ్ బ్రేకంటే చిన్నమేస్త్రి షెడ్డుకు పోవాలని. గంట పట్టినా పూట పట్టినా చక్రాలు విప్పకుండా నట్టు ముట్టడు, తొందరగా ఉంది ఊరికే కాస్త బిగించమంటే బండి తీసుకుపొమ్మంటాడు. ఎందుకంత పట్టుదల అంటే అన్నగారు హ్యాండ్ బ్రేకు వల్లే పోయారు పాపం అని జనమే చెప్పుకుంటారు. అన్నగారు మరిచిపోయారు, తమ్ముడు ఎవర్నీ మరిచిపోనివ్వడు. ఎంత చక్కగా అతికింది. మూడు నెలల కిందటిదాకా ఆమె కూడా ఆ మాట విని కళ్ళు తుడుచుకునేది. పద్నాలుగేళ్ళ వాడుగా తమ ఇంటికొచ్చాడు, ఆయన తర్వాత షెడ్డు నిలబెట్టాడు, వానకు ఇంటి పైరేకులు ఎగిరిపోతే ఆ పూటే వచ్చి కొట్టించాడు, పిల్లకు జ్వరమొస్తే భుజానేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. కన్నకొడుకు ఉన్నా ఇంత చెయ్యడని ఆమె ఎందరితో చెప్పింది. ఎందుకు చేశాడో ఇప్పుడు తెలిసింది. అన్నీ నిజంగానే చేశాడు, ఆ పైరేకులు ఇప్పటికీ కారవు, అదే ఆమెకు మింగుడు పడదు.

ఇప్పుడు వాడు తన కింద పడుకుని ఉన్నాడు. వెనక చక్రాలు గాల్లో ఉన్నాయి, బండి జాకీ మీద, స్టాండ్ల మీద నిలబడి ఉంది. ముందు చెక్కదిమ్మెలు. ఆమె కాలి కింద పెడలు. ఒక మనిషి బరువు గట్టిగా అటూ ఇటూ ఊగితే ఏమవుతుంది? ఆలోచన బొద్దింక బయటికొచ్చినట్టు చప్పుడు లేకుండా వచ్చింది. ఆమె దాన్ని చూసింది, అది ఆమెను చూసింది. ఒళ్ళు కదల్చకుండా, ఊపిరి కూడా చిన్నగా తీసుకుంటూ కూర్చుండిపోయింది. కింద వాడు ఈలపాట అందుకున్నాడు. సీట్లో వదిన ఉందని వాడికి ఏ భయమూ లేదు. ఆయనకూ లేదు.

ఆ రోజు ఆమె అన్నం తేలేదు. పిల్లకు దగ్గు, బడి మాన్పించి ఇంట్లోనే ఉంది. టీ కొట్టతను వచ్చి చెప్పులు లేకుండా గుమ్మంలో నిలబడ్డాడు. షెడ్డు ముందు రోడ్డునుంచి గోడ వైపు దిగే వాలు, వాలు మీద రోడ్డు వైపు ముఖం పెట్టి బూడిదరంగు కారు, వెనక గోడ. ఆయన బండికీ గోడకూ మధ్య గొంతుక్కూర్చుని చక్రం వైపు చెవి పెట్టి ఉన్నాడట. బండి వెనక్కి జారిందట, చెక్కదిమ్మెలు ఇంకో బండి కింద ఉన్నాయట. ఆమె వెళ్ళేసరికి ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టారు, బండిని ఎక్కడికో తోసేశారు, దాని ముఖం కూడా చూడలేదు. ఎవరో చెప్పారు, లోపల చూశామమ్మా, లివరు కిందికే ఉంది, వేసుకోలేదు పాపం. ఇంకెవరో అన్నారు, ఎంత పనివాడైనా ఒక్కోసారి మతి ఎక్కడో ఉంటుంది. మరిది గోడకు ఆనుకుని ఉన్నాడు, చేతులు రెండూ ముందుకు చాచి, అవి ఎవరివో అన్నట్టు చూసుకుంటున్నాడు. వాడు అనలేదు. ఆ మాట వాడు మొదట అనలేదు, అననిచ్చాడు. పది రోజులకు నువ్వే చెప్పు అని జనం అడిగితే తల ఊపాడు, నెలకు అవునన్నాడు, ఏడాది తిరిగేసరికి వాడి నోట అది పాఠంలా వచ్చేసింది. కాని వాడినొక్కణ్ణి అనడమెందుకు? తొమ్మిదేళ్ళ పిల్ల చాప మీద బొమ్మ గీస్తూ, తలెత్తకుండా అడిగింది, అమ్మా, నాన్న ఎందుకు మరిచిపోయాడు? ఆమె బియ్యం ఏరుతోంది. ఏం చెప్పాలో తెలియక కాదు, బాగా తెలిసే చెప్పింది, కోపంతో చెప్పింది, ఆ మనిషి మీద, గోడ మీద, ఏరుతున్న రాళ్ళ మీద కోపంతో. "మనం గుర్తుంటే లాగేవాడు." అంతే. మూడే మూడు మాటలు. పిల్ల తలెత్తి చూసింది, మళ్ళీ బొమ్మ గీసుకుంది. ఆ తర్వాత ఆ పిల్ల తండ్రి ఫొటో తుడవడం ఆమె చూడలేదు.

ధన్ మని బ్రేకు డ్రమ్ము మీద సుత్తి పడింది. పట్టేసింది వదినా, తుప్పు అన్నాడు మరిది, ఇప్పుడు వెనక చక్రం విప్పి కూర్చున్నాడు. చుట్టూ తిరుగుతూ సమంగా కొడుతున్నాడు, ఒకే చోట కొట్టకూడదు. డ్రమ్ము ఊడి వచ్చింది, నల్లటి పొడి రాలింది, ఆ వాసన, కాలిన వాసన కాదు, ఎండిన ఇనుము వాసన, ఆయన చొక్కాల్లో ఉండేది, ఎంత ఉతికినా పోయేది కాదు, పోయాక మాత్రం ఒక్క ఉతుకుతో పోయింది. వచ్చి చూడు అని పిలిచాడు. ఆమె దిగలేదు. లైనింగు ఇంకా ఉందిలే, సగం ఉంది, జరిపితే సరిపోతుంది అని తనే చెప్పుకున్నాడు. స్క్రూడ్రైవరుతో లోపలి పళ్ళచక్రాన్ని ఒక్కో పన్ను తిప్పుతూ, డ్రమ్ము పెట్టి చేత్తో తిప్పి చూస్తూ, తీసి మళ్ళీ తిప్పుతూ. డ్రమ్ము తిరిగినప్పుడల్లా సన్నగా రాసుకున్న చప్పుడు. అది వినబడాలి, అంతకంటే వినబడకూడదు. ఎంత ఓపిక. ఇంత ఓపిక ఎక్కడిది వీడికి? ఆ రోజుల్లో గడియారం ముల్లు మీద నిలబడేవాడు.

వీధి చివర గ్రంథాలయం గదిలో సాయంత్రాలు పెద్దవాళ్ళకు చదువు చెబుతారంటే కూతురే తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. యాభై ఆరేళ్ళకు పలక కాదు, కాగితమే ఇచ్చారు. పాఠం చెప్పే అమ్మాయి ఆమె మనవరాలి వయసుది, తప్పు రాస్తే తిట్టదు, పెన్నుతో మెల్లగా ఒక గీత గీస్తుంది. ఏడాదికి కూడబలుక్కుని చదవడం వచ్చింది. ఇంట్లో ఏముంది చదవడానికి? మందు డబ్బాలు, కరెంటు వాళ్ళ కాగితం, పెట్టెలో చీరల కింద ఆయన షెడ్డు పుస్తకం. అన్నేళ్ళూ దాన్ని తీసి చూసుకునేది గాని అక్షరాల కోసం కాదు, అంచుల మీద ఆయన బొటనవేలి నూనె ముద్రలున్నాయి, వాటి కోసం. ఏ బండికి ఏం జబ్బు, ఏం చేశారు, అన్నీ రాయించేవాడు. ప్రతి పనికింద రెండు పేర్లుండాలి, చేసినవాళ్ళది ఒకటి, లెక్కపెట్టి చూసినవాళ్ళది ఒకటి. చేసినవాడికి వాడి పని ముద్దొస్తుంది, లెక్క ఇంకొకరు పెట్టాలి అనేవాడు. ఆమె వేలు పెట్టి మొదటి పేజీనుంచి చదువుకుంటూ వచ్చింది, నెల పట్టింది, ఆయనతో మళ్ళీ కాపురం చేసినట్టే ఉంది. ఆఖరి పేజీలో మరిది వంకర రాత. బూడిదరంగు బండి. హ్యాండ్ బ్రేకు పన్నెండు. సరిచేశాను. ఇప్పుడు అయిదు. దాని కింద, రెండు రోజుల తర్వాత తేదీ వేసి, ఆయన గుండ్రటి రాత. అదే బండి మళ్ళీ వచ్చింది. వెనక చప్పుడు. చూడాలి. ఆ తర్వాత ఖాళీ కాగితాలు. చూడాలి అని రాసి చూడ్డానికి వెళ్ళాడు. బండిని వాలు మీద హ్యాండ్ బ్రేకు వేసి నిలబెట్టి, వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. వెనక చప్పుడంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. లైనింగంతా పోయి ఇనుము ఇనుమును గీరుతున్న చప్పుడు. షూలు ఎవరూ ముట్టుకోలేదు. నట్టు బిగించి వదిలేశారు.

ఈ కథ ఆమె మూడు నెలలుగా ఇక్కడిదాకా తనకు తాను చెప్పుకుంటోంది. ఇక్కడ ఆపుతోంది. ఇక్కడ ఆపితే బాగుంటుంది, తప్పు చేసినవాడు కింద ఉంటాడు, అడిగే మనిషి పైన కూర్చుని ఉంటుంది. కాని మరిది రాతకీ ఆయన రాతకీ మధ్య ఇంకో వరస ఉంది. చేసింది చిన్న. లెక్క వదిన. ఆ రెండో మాట దగ్గర ఆ రోజు ఆమె వేలు ఆగిపోయింది. పాఠం చెప్పే అమ్మాయి రాయించిన మాటల్లో ఆ మాట లేదు, అయినా ఒక్క చూపులో చదివేసింది, కూడబలుక్కోకుండా, జీవితంలో మొట్టమొదటిసారి. వదిన. తనే. ఆ బండి బాగుచేసిన మధ్యాహ్నం గేటు దగ్గర గులాబీరంగు గొడుగు పట్టుకుని ఒకమ్మాయి నిలబడి ఉంది, ఇప్పుడు తన తోటికోడలు, అప్పుడింకా ఎవరికీ చెప్పని పిల్ల. సినిమా మొదలవడానికి అరగంట. ఆయన సామాన్లకు బజారుకెళ్ళాడు. లాగు వదినా అన్నాడు మరిది, పన్నెండు అంది, అబ్బో డజను అన్నాడు. కిందకు దూరి అయిదు నిమిషాల్లో లేచి మళ్ళీ లాగమన్నాడు. అయిదు. చక్రాలు విప్పలేదేమయ్యా అని ఆమె అడిగింది. అడిగింది, అది నిజం, తెలిసినదానిగా అడిగింది. వాడు రెండు చేతులూ జోడించి, అన్నయ్యకు చెప్పకు వదినా, రేపు పొద్దున్నే బండి పిలిపించి విప్పి చేస్తాను, నీ కాళ్ళు పట్టుకుంటాను అన్నాడు. ఆమె గొడుగు వైపు చూసి నవ్వి, పో, పో, సినిమా బొమ్మ పడిపోతుంది అంది. సాయంత్రం ఆయన వచ్చి పుస్తకం చూసి, డజనునుంచి అయిదుకు తెచ్చాడా మనవాడు, లెక్క నువ్వేగా పెట్టావు అంటే, ఊఁ అంది. ఊఁ. ఆ ఒక్క అక్షరం రావడానికి బడి అక్కర్లేకపోయింది. ఆయన్ని చంపిన బండే తను లెక్కపెట్టిన బండని ఆమెకు ఎలా తెలుస్తుంది, ఎన్ని బూడిదరంగు బళ్ళు, ఎన్ని అయిదులు. తెలిసినవాడు ఒక్కడే. చెక్కదిమ్మెలు ఇంకో బండి కింద ఉంటే ఆయన లేచి వెళ్ళి తెచ్చుకునే మనిషే. ఎందుకు తెచ్చుకోలేదు? తమ్ముడి పని మీద ఆయనకెప్పుడూ సగమే నమ్మకం. పుస్తకంలో రెండో పేరు చూసుకుని ఉంటాడు.

చక్రాలు రెండూ బిగించడం అయిపోయింది. మరిది మళ్ళీ కింద దూరాడు. పెడలు తొక్కు వదినా, నాలుగైదుసార్లు, షూలు కూర్చుంటాయి. తొక్కింది. ఇప్పుడు నట్టు. పానా తిరుగుతున్న చప్పుడు, ఒక్కో చుట్టు, ఆగి, ఇంకో అర చుట్టు. లాగు అన్నాడు. ఒకటి, రెండు, మూడు, ఇప్పుడు లివరుకు ఎముక వచ్చింది, నాలుగు, అయిదు, ఆరు. ఆగింది. చేతికి గట్టిగా తగిలింది. చేతికి తగిలితే చాలదు. కింద వాడు చక్రాన్ని రెండు చేతులతో తిప్పబోయాడు, కదల్లేదు, ఆ పక్కది తిప్పబోయాడు, కదల్లేదు. దించమన్నాడు, దించింది, రెండూ హాయిగా తిరిగాయి. మళ్ళీ లాగించాడు. ఎన్ని వదినా అన్నాడు. ఆమె నోట ఆరు అని రాలేదు.

"ఆ రోజు అయిదు," అంది.

కింద పానా నేల మీద పెట్టిన చప్పుడైంది. పడేసిన చప్పుడు కాదు, పెట్టినదే, జాగ్రత్తగా. రోడ్డు మీద లారీ ఒకటి పోయింది, షెడ్డు రేకులు కాసేపు వణికి ఊరుకున్నాయి. ఆమె కాళ్ళ కింది రేకులోంచి గొంతు వచ్చింది, పద్నాలుగేళ్ళప్పటి గొంతులా ఉంది.

"అయిదే. అన్నయ్య లాగాడు. నేను వెళ్ళేసరికి లివరు పైకే ఉంది. బండిని ముందుకు తొయ్యాలి కదా, నేనే దించాను."

వచ్చింది, తను కోరిన మాట వచ్చింది, పందొమ్మిదేళ్ళ మీద కప్పిన దుప్పటి ఇంత తేలిగ్గా లేచిపోయింది, ఇప్పుడు ఏడవాలి కాబోలు, తిట్టాలి కాబోలు. మరి చెప్పలేదేమిరా అంది. ఆ 'రా' ఎక్కణ్ణుంచి వచ్చిందో, వాడికి పెళ్ళయ్యాక ఎప్పుడూ అనలేదు. వాడు కిందనుంచి జరిగి బయటికి వచ్చాడు, లేవలేదు, నేలమీదే కూర్చుని చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, తుడుచుకున్న వేలే మళ్ళీ తుడుచుకుంటూ ఆమె వైపు చూశాడు. ఆ చూపులో భయం ఉంటుందనుకుంది. లేదు. ఆశ్చర్యం ఉంది.

"నువ్వున్నావు కదా వదినా. నువ్వేగా లెక్కపెట్టావు. నీకు తెలుసనే అనుకున్నాను. తెలిసి నన్ను కాచావనుకున్నాను."

ఇన్నేళ్ళూ. ఆ పైరేకులు, ఆ ఆసుపత్రి, గుమ్మంలో నిలబడి వదినా ఏమైనా కావాలా అన్న ప్రతి సాయంత్రమూ, ఆమె కృతజ్ఞతతో వద్దులే నాయనా అన్న ప్రతిసారీ, వాడు దాన్ని ఇంకో భాషలో విన్నాడు. ఇద్దరూ కలిసి ఒక మూట మోస్తున్నామనుకుని వాడు తన వైపు కొస గట్టిగా పట్టుకుని నడిచాడు. ఆమె చేతిలో కొస ఉందని ఆమెకే తెలియదు. నాకు తెలియదురా, నాకు ఆ బండని తెలియదు అని చెప్పాలని నోరు తెరిచింది. తెలియదు, నిజమే. పన్నెండు తెలుసు, అయిదు తెలుసు, చక్రాలు విప్పలేదని తెలుసు, గొడుగు తెలుసు, ఊఁ అన్నది తెలుసు. ఇంత తెలిసి, తెలియదు అనే మాట మీద ఎంతసేపు నిలబడగలదు? వాడు లేచి జాకీ దించడం మొదలుపెట్టాడు. బండి వెనక చక్రాలు నేలను ఆనాయి, చిన్న మూలుగు మూలిగి కూర్చుంది. ముందు చక్రాల దగ్గరి దిమ్మెలు కూడా తీసేశాడు.

కూతురు వచ్చింది. గంట కాలేదు, ఎప్పుడూ చెప్పిన వేళకంటే ముందే వస్తుంది, ఎవర్నీ కాచుకోనివ్వదు. అయిందా బాబాయ్ అంటూ కిటికీలోంచి చెయ్యి పెట్టి, తల్లి మీదుగా వంగి, లివరు దించి తనే లాగింది, పెదాలతో లెక్కపెట్టుకుంటూ. ఆరు. వెనక్కి వెళ్ళి డిక్కీ మీద రెండు చేతులూ వేసి తోసి చూసింది, బండి చలించలేదు. ముఖం విచ్చుకుంది. మరిది చెక్కదిమ్మెలు చంకలో పెట్టుకుని, వాటిని ఎక్కడ పెట్టాలో మరిచినవాడిలా నిలబడ్డాడు. బాగుంది తల్లీ, ఇక వెళ్ళిరా అన్నాడు. ఎప్పుడూ చెప్పే ఆఖరి మాట, లాగడం మరిచిపోకు అనే మాట, ఇవాళ చెప్పలేదు. చెప్పలేదని కూతురు కనిపెట్టింది, నవ్వింది.

"నేను మరిచిపోనులే బాబాయ్, మా నాన్ననా?"

మరిది ఆమె వైపు చూశాడు. వేడుకోలు కాదు, బెదిరింపు కాదు, అలవాటుగా చూశాడు, ఇన్నేళ్ళూ ఎలా చూస్తున్నాడో అలాగే, ఈ కొస నేను పట్టుకున్నాను అన్నట్టు. ఊరుకోవచ్చు. ఊరుకోవడం ఆమెకు బాగా వచ్చు. పిల్ల మూడుసార్లు దిగి చూసుకుంటుంది, బండి ఎక్కడా జారదు, తండ్రి ఒక్కడు మాత్రం మరిచిపోయినవాడుగా మిగిలిపోతాడు, ఆయనకిప్పుడు కొత్తగా వచ్చే నష్టమేముంది. చెప్పినా సగమే చెప్పవచ్చు, నట్టు సంగతి, సినిమా సంగతి, వాడి పేరు, అంతవరకూ చెప్పి ఆగవచ్చు. ఆ సగం ఎంత గట్టిగా ఆగుతుందో ఆమె చేతికి తెలుసు. ఒళ్ళో సంచిలో పుస్తకం అంచు పొట్టకు గుచ్చుకుంటోంది.

"లాగాడు," అంది. "మీ నాన్న మరిచిపోలేదు. అయిదో టిక్కు దాకా లాగాడు. బండే పట్టలేదు."

కూతురి చెయ్యి తలుపు మీద ఆగిపోయింది. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది, దాన్ని తీసెయ్యాలని తోచనట్టు. తల్లిని చూసింది, బాబాయిని చూసింది, మళ్ళీ తల్లిని చూసింది. చాప మీద బొమ్మ గీస్తూ తలెత్తినప్పటి కళ్ళు.

"అయిదని నీకెలా తెలుసమ్మా?"

ఆమె లివరు మీదనుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"లెక్కపెట్టింది నేనే," అంది.